కళ్లు తెరిచే ఉన్నా నిద్రలోనే ఉన్నాడు

బడులు తెరిచి రెండు నెలలైంది. ఈ రెండు నెలల్లో నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే బాధ: పిల్లలు అర్ధరాత్రి కేకలు పెట్టి లేవడం. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చాం.

ప్రశ్న (ఒక తల్లి, దేవరకొండ): మా బాబుకు నాలుగేండ్లు. జూన్‌ల ఎల్‌కేజీల ఏసినం. అప్పటిసంది వారంల మూడు నాలుగు రాత్రులు, పండుకున్న గంటన్నరకు దిగ్గున లేచి కూసుని గట్టిగ కేకలు పెడుతున్నడు. కండ్లు తెరిచే ఉంటయి, నన్ను గుర్తుపట్టడు. ఎత్తుకుంటే తంతడు. ఒళ్లంత చెమట. పది నిమిషాలకు తగ్గి మళ్ల పండుకుంటడు. పొద్దుగాల అడిగితే ఏం తెల్వదంటడు. ఇదివరకు రాత్రి తొమ్మిదిన్నరకు పండుకుని పొద్దున ఏడున్నరకు లేచేటోడు, పగలు రెండు గంటలు పండేటోడు. ఇప్పుడు బస్సు కోసం ఆరున్నరకే లేపుతం, పగటి నిద్ర లేదు. జడుసుకున్నడని మా అత్తమ్మ దర్గాకు తీస్కపోయి తాయత్తు కట్టిచ్చింది. వారం మంచిగుండి మళ్ల మొదలైంది.

జవాబు: దీన్ని డాక్టర్లు నైట్ టెర్రర్ అంటారు. పేరులో భయం ఉంది గానీ పిల్లవాడు దేన్నో చూసి జడుసుకోవడం కాదిది. మీరు రాసిన నాలుగు సంగతులూ దీని గుర్తులే: పడుకున్న గంట, గంటన్నరకు రావడం, కన్నతల్లిని కూడా గుర్తుపట్టకపోవడం, దానంతట అదే తగ్గడం, పొద్దునకు ఏమీ గుర్తులేకపోవడం.

చిన్నపిల్లలు పడుకున్న కాసేపటికే గాఢనిద్రలోకి జారిపోతారు. బండి మీద నుంచి ఎత్తుకొచ్చి మంచంలో వేసినా తెలియని నిద్ర అది. గంట, గంటన్నర గడిచాక మెదడు ఆ లోతు నుంచి పైకొచ్చి, కొంచెంసేపు తేలిక నిద్రలో ఉండి, మళ్లీ లోపలికి పోవాలి. పైకి వచ్చేటప్పుడు కొందరు పిల్లలు మధ్యలో ఇరుక్కుపోతారు. ఒళ్లు లేస్తుంది, గొంతు లేస్తుంది, గుండె దడదడ కొట్టుకుంటుంది. మనుషుల్ని గుర్తుపట్టే తెలివి మాత్రం నిద్రలోనే ఉంటుంది. మిమ్మల్ని తన్నేది మీ కొడుకు కోపం కాదమ్మా. గట్టిగా పట్టుకున్నప్పుడు ఒళ్లు విడిపించుకోవాలని చూస్తుంది, అంతే.

ఆ పది నిమిషాల్లో మీరు చేయాల్సింది తక్కువ. ట్యూబులైటు వేయకండి, బెడ్‌లైటు చాలు. చేతికందేంత దూరంలో కూర్చోండి. వాడు మంచం అంచుకో, గోడకో, కూలర్ వైపో జరిగితే అడ్డంగా చేయి లేదా దిండు పెట్టండి, ఒడిసి పట్టుకోకండి. “అమ్మ ఈడనే ఉన్నది, పండుకో” అని తగ్గు గొంతుతో, ఒకే మాట మళ్లీ మళ్లీ అనండి. ఆ మాట వాడికి అర్థమవుతుందని కాదు, ఇంట్లో మరో గొంతు లేవకుండా ఉండటానికి. ముఖం మీద నీళ్లు కొట్టడం, చెంపలు తట్టడం, భుజాలు పట్టి ఊపడం వద్దు. వాటితో మెలకువ రాదు, కేకలు పెరుగుతాయి, పది నిమిషాలది ఇరవై అవుతుంది. నోట్లో నీళ్లు పోయడం మరీ ప్రమాదం. నిద్రలో ఉన్నవాడు సరిగా మింగలేడు, పొలమారుతుంది. కాసేపటికి పెద్ద ఊపిరి ఒకటి తీసి ఒళ్లు వదులు చేస్తాడు. అప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

పొద్దున ఆ ఊసే ఎత్తకండి. “రాత్రి ఏం కనపడ్డది? ఎవలన్న కొట్టిండ్రా?” అని ఇంట్లో అందరూ అడుగుతుంటే, ఏమీ తెలియని పిల్లవాడు నాలుగు రోజుల్లో మంచం చూస్తేనే భయపడటం మొదలుపెడతాడు.

తాయత్తు విషయంలో అత్తమ్మతో పేచీ పెట్టుకోవద్దు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. మెడలో తాడు ఉంటే నిద్రలో బిగుసుకునే ప్రమాదం ఉంది కాబట్టి జబ్బకో మొలతాడుకో మార్చండి. ఎండుమిరపకాయల పొగ గదిలో పట్టకండి, దగ్గుతో నిద్ర ఇంకా చెడుతుంది. తాయత్తు కట్టాక వారం ఆగిందన్నారు. ఇవి వరసగా కొన్నాళ్లు వచ్చి, కొన్నాళ్లు ఆగి, మళ్లీ వస్తాయి. ఏ మందూ ఏ మంత్రమూ లేకపోయినా అంతే.

అసలు కారణం మీ ఉత్తరంలోనే ఉంది. ఇదివరకు రాత్రి పది గంటలు, పగలు రెండు గంటలు, మొత్తం 12 గంటల నిద్ర. ఇప్పుడు 9. రోజుకు మూడు గంటలు పోయింది. 3 నుంచి 5 ఏళ్ల పిల్లలకు పగటి నిద్రతో కలిపి 24 గంటల్లో 10 నుంచి 13 గంటలు కావాలి. నిద్ర తక్కువైతే మెదడు మొదటి విడతలోనే మరింత లోతుకు పోయి బాకీ తీర్చుకుంటుంది. అంత లోతు నుంచి పైకి రావడం కష్టమై మధ్యలో ఇరుక్కుంటుంది. “అలిసిపోయిండు, ఈ రాత్రి మంచిగ పండుకుంటడు” అనుకున్న రాత్రే ఇది వచ్చేది అందుకే.

పడుకునే వేళను తొమ్మిదిన్నర నుంచి ఎనిమిదికి తీసుకురండి. ఒక్కరోజులో కాదు. మూడు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకు జరిపితే 18 రోజుల్లో ఎనిమిదికి వస్తుంది. ఒకేసారి గంటన్నర ముందు పడుకోబెడితే నిద్ర రాక మంచం మీద ఆడుకుంటాడు, మీకు విసుగొచ్చి వదిలేస్తారు. ఏడింటికి అన్నం, ఆ వేళ నుంచే టీవీ, ఫోన్ బంద్. పడుకునే ముందు మూత్రానికి తీసుకెళ్లండి, నిండిన మూత్రాశయం కూడా నిద్రను మధ్యలో కదిలిస్తుంది. బడి నుంచి రాగానే అరగంట, ముప్పావు గంట పడుకోనివ్వండి, నాలుగు దాటాక మాత్రం వద్దు. చాలా ఇళ్లలో సాయంత్రం పిల్లలకు చాయ్‌లో బిస్కెట్లు ముంచి పెడతారు. చాయ్ మానిపించి పాలు ఇవ్వండి. ఆదివారం కూడా లేచే వేళ, పడుకునే వేళ అరగంట కంటే ఎక్కువ తప్పకూడదు.

నిద్ర సర్దుకున్నాక రెండు మూడు వారాల్లో రాత్రులు తగ్గుముఖం పట్టాలి. పూర్తిగా పోవడానికి ఇంకొంత కాలం పట్టవచ్చు.

ప్రశ్న (ఒక తండ్రి, మిర్యాలగూడ): పాపకు ఆరేళ్లు. నిద్ర వేళలు సరిచేశాం, ఎనిమిదిన్నరకే పడుకుంటుంది. అయినా దాదాపు రోజూ రాత్రి పది దాటాక కేకలు వేస్తోంది. ముందుగానే లేపితే ఆగుతుందని ఎవరో చెప్పారు. నాలుగు రోజులు లేపాం, ఇంకా ఎక్కువైంది. ఏం తప్పు చేశాం?

జవాబు: పద్ధతి మంచిదే. లేపిన వేళ, లేపిన తీరు తప్పి ఉంటాయి.

మొదట పది రోజులు ఎవరినీ లేపకుండా రాసుకోండి. పాత నోటుబుక్కు చాలు. రోజుకు మూడు అంకెలు: నిద్ర పట్టిన వేళ, కేక వేసిన వేళ, ఎన్ని నిమిషాలు. మంచమెక్కిన వేళ కాదు, నిద్ర పట్టిన వేళ. ఆ రెంటికీ అరగంట తేడా ఉండవచ్చు, లెక్క అక్కడే తప్పుతుంది. ఉదాహరణకు 8:45కు నిద్ర పట్టి 10:20, 10:15, 10:25, 10:20 ఇలా వస్తుందనుకోండి. అంటే నిద్ర పట్టిన 90 నుంచి 100 నిమిషాలకు. దానికి 15 నుంచి 30 నిమిషాల ముందు, అంటే 9:50, పది గంటల మధ్య లేపాలి. ఏ రోజైనా నిద్ర ఆలస్యంగా పడితే లేపే వేళ కూడా అంతే జరగాలి. గోడ గడియారం చూసి రోజూ పదింటికే లేపేవాళ్లకు ఇది పనిచేయదు.

లేపడమంటే కూర్చోబెట్టడం కాదు. భుజం మీద చేయి వేసి మెల్లగా రుద్దండి, పేరు పెట్టి పిలవండి. దిండు సర్దండి, పక్కకు తిప్పండి. పాప మూలగాలి, లేదా కళ్లు సగం తెరిచి మిమ్మల్ని చూడాలి, లేదా “ఊఁ” అనాలి. ఆ మూడింటిలో ఒకటి కనిపిస్తే చాలు, వదిలేయండి. దానంతట అదే మళ్లీ నిద్రలోకి పోతుంది. ఏమీ కనిపించకపోతే ఇంకొంచెం గట్టిగా కదిలించండి. లైట్లు వేసి, బాత్రూముకు నడిపించి, నీళ్లు తాగిస్తే పూర్తి మెలకువ వచ్చి తిరిగి పడుకోవడానికి గంట పడుతుంది. ఆ గంట మర్నాటి బాకీలో చేరుతుంది.

మీకు ఎక్కువ కావడానికి కారణం బహుశా ఆలస్యంగా లేపడం. కేకకు నాలుగైదు నిమిషాల ముందు కదిలిస్తే ఆ కదిలింపే కేకను తెస్తుంది. మీరు లేపుతుండగానే అరిచిందంటే మర్నాడు పది నిమిషాలు ముందుకు జరపండి.

రెండు నుంచి నాలుగు వారాలు ఒక్క రాత్రి తప్పకుండా చేయాలి. ఏడు రాత్రులు వరసగా ప్రశాంతంగా గడిచాక రెండు రోజులకోసారి, తర్వాత మూడు రోజులకోసారి చేసి ఆపేయండి. నాలుగు రోజులు చేసి “లాభం లేదు” అనుకోవడం తొందరే. అయితే ఇది రోజూ ఒకే సమయానికి వచ్చేవాళ్లకే. వారానికోసారి, ఎప్పుడు పడితే అప్పుడు వచ్చే పిల్లల్ని రోజూ లేపి నిద్ర చెడగొట్టకండి.

ప్రశ్న (ఒక నాయనమ్మ, జడ్చర్ల దగ్గరి ఊరు, మనవరాలితో రాయించింది): కొడుకు కోడలు బొంబాయి దిక్కు పనికి పోయిండ్రు. అయిదేండ్ల మనవడు నా తాననే ఉంటడు. కరెంటు పోతే డాబా మీద పండుకుంటం. మొన్న రాత్రి కేక పెట్టి లేచి ఉరికిండు, పిట్టగోడ కూడ లేదు, కాలు పట్టుకుని ఆపిన. కొంచెం కల్లు తాపిస్తే పండుతడని పక్కింటోళ్లు అంటున్నరు.

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట. పిట్టగోడ లేని డాబా మీద ఆ పిల్లవాణ్ణి ఈ రాత్రి నుంచే పడుకోబెట్టకండి. గోడ కట్టినా వద్దు. మెట్లు ఉంటాయి, నిద్రలో లేచినవాడికి మెట్టు కనపడదు. కింద, నేల మీద చాపో పరుపో వేసి, గోడ పక్కన కాకుండా కొంచెం ఎడంగా పడుకోబెట్టండి. తలుపు గడియ వాడికి అందనంత ఎత్తులో ఉండాలి, మీరు మాత్రం చీకట్లో కూడా చేత్తో తీయగలగాలి. గడియకు రెండు మూడు గజ్జెలు కట్టండి, ముట్టుకుంటే మీకు మెలకువ వస్తుంది. కొడవలి, గొడ్డలి, కత్తిపీట అటక మీదికి పోవాలి. వాకిట్లో నీళ్ల సంపు ఉంటే దానికి మూత, మూత మీద బరువు. వాడు లేచి నడిస్తే ఎదురుపోయి ఆపకండి, పక్కన నడుస్తూ మెల్లగా చాప వైపు తిప్పండి.

కల్లు చుక్క కూడా వద్దు. కల్లు తాగి పడుకున్న నిద్ర ముక్కలు ముక్కలవుతుంది, ఇలాంటివి ఇంకా ఎక్కువవుతాయి. పైగా ఆల్ఫ్రజోలం, డైజీపాం లాంటి మత్తుమందులు కలిపిన కల్లు మన జిల్లాల్లో ఎన్నోసార్లు పట్టుబడింది. పెద్దలనే పడగొట్టే మందు అయిదేళ్ల పిల్లవాడి ఊపిరి ఆపేయగలదు. నిద్ర కోసం దగ్గు సిరప్పులు పోయడం కూడా అంతే తప్పు.

అమ్మానాన్నల మీద బెంగతోనే వస్తున్నదా అంటే, బెంగ దీన్ని పుట్టించదు, ఉన్నదాన్ని పెంచుతుంది. వాళ్లు రాత్రి పడుకోబోయే ముందు ఫోన్ చేస్తుంటే ఆ వేళ మార్పించండి. అమ్మ గొంతు విని ఏడ్చి పడుకున్న రాత్రి నిద్ర ఆలస్యమవుతుంది, చెదురుతుంది. సాయంత్రం ఆరింటికి, అన్నానికి ముందు, రోజూ అదే వేళకు మాట్లాడితే బాగుంటుంది. వస్తామన్న తేదీ ఉంటే గోడ మీద క్యాలెండర్‌లో వాడి చేతనే గీత పెట్టించండి. పగలు కూడా ముభావంగా ఉంటూ, తినక, ఆడక ఉంటే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, మనసు బాధలకు సర్కారు నడిపే ఫోన్ సేవ, డబ్బులుండవు, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటుంది.

ప్రశ్న (ఒక తల్లి, సూర్యాపేట): అయిదేళ్ల బాబు. రాత్రి కేకలతో పాటు రోజూ గురక, నోరు తెరిచే పడుకుంటాడు, మెడ వెనక్కి వాల్చి పడుకుంటాడు. కాళ్లు తెగ కొట్టుకుంటాడు. సంబంధం ఉందా?

జవాబు: ఉంది, రెండు వైపుల నుంచీ. మొదటిది గురక. జలుబు లేకుండా రోజూ గురక పెట్టే పిల్లవాడికి ముక్కు వెనక ఎడినాయిడ్లు, గొంతులో టాన్సిల్స్ పెరిగి గాలిదారి ఇరుకై ఉండవచ్చు. నిద్రలో గాలి ఆగిన ప్రతిసారీ మెదడు ఉలిక్కిపడి పైకి వస్తుంది, ఆ పైకి రావడంలోనే కేక. పడుకున్న గంట తర్వాత ఛాతీ, నోరు కనపడేలా ఫోన్‌లో అయిదు నిమిషాలు వీడియో తీసి, గొంతు ముక్కు చెవి డాక్టరుకు చూపండి. గురక ఆగి, కొన్ని క్షణాలు నిశ్శబ్దం, తర్వాత గుటకలాంటి పెద్ద ఊపిరి ఉంటే అది ఆయన తప్పకుండా చూడాలి. గాలిదారికి వైద్యం జరిగాక కేకలు కూడా ఆగిపోయే పిల్లలు చాలామంది ఉంటారు.

రెండోది కాళ్లు. ఇనుము తక్కువైతే కాళ్లు ఆడించడం, నిద్ర చెదరడం కనిపిస్తాయి. హిమోగ్లోబిన్ బాగున్నా నిల్వ తక్కువ ఉండవచ్చు కాబట్టి ఫెరిటిన్ పరీక్ష అడగండి. ఈ లక్షణాలున్న పిల్లల్లో అది 50 కంటే తక్కువైతే డాక్టర్లు ఇనుము ఇస్తారు. జ్వరంలో చేయిస్తే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుంది, తగ్గిన రెండు మూడు వారాలకు చేయించండి. ఆశా కార్యకర్త అయిదేళ్ల లోపు పిల్లలకు వారానికి రెండుసార్లు 1 మి.లీ. పోసే ఐరన్ సిరప్ రక్తహీనత రాకుండా ఇచ్చేది. లోటు తీర్చడానికి అది చాలదు, మోతాదు బరువును బట్టి డాక్టరే రాయాలి.

ప్రశ్న (ఒక తండ్రి, గద్వాల): ఏడేళ్ల కొడుకు. ఒక్క రాత్రిలో నాలుగైదుసార్లు, తెల్లవారుజామున కూడా వస్తున్నది. కుడి చేయి బిగుసుకుని పైకి లేస్తుంది, మూతి ఒకవైపు పోతుంది, అరనిమిషంలో అయిపోతుంది. ఇదీ అదేనా?

జవాబు: కాకపోవచ్చు. ఇంకో వారం చూద్దాం అనుకోకుండా పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. నైట్ టెర్రర్ సాధారణంగా రాత్రికి ఒక్కసారి, మొదటి మూడు గంటల్లో, ప్రతిసారీ కొంచెం వేరుగా, నిమిషాల తరబడి ఉంటుంది. మీరు రాసింది అరనిమిషంది, రాత్రికి పలుమార్లు, ప్రతిసారీ అదే చేయి, అదే మూతి. ఇవి నిద్రలో వచ్చే మూర్ఛకు గుర్తులు. పొద్దున నాలుక కొరుక్కున్న గుర్తు, దిండు మీద చొంగ, పక్క తడవడం కూడా చూడండి.

డాక్టరుకు మాటల కంటే వీడియో ఎక్కువ చెబుతుంది. దుప్పటి తీసేసి, తల నుంచి కాళ్ల దాకా కనపడేలా, మొదటి నుంచి చివరిదాకా తీయండి, ముఖం దగ్గరికి పోకండి. మెదడు విద్యుత్ తరంగాలను చూసే ఈఈజీ పరీక్ష రాస్తే నిద్రలో తీయించడం మేలు. ముందు రాత్రి ఎన్ని గంటలకు పడుకోబెట్టి ఎన్ని గంటలకు లేపి తీసుకురావాలో అడిగి తెలుసుకోండి. మెలకువలో తీసింది బాగున్నంత మాత్రాన మూర్ఛ లేదని కాదు.

వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిగడ్డ వాసన చూపడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం వద్దు. టైము చూడండి. అయిదు నిమిషాలు దాటినా, ఒకటి తగ్గకముందే మరొకటి వచ్చినా 108కు ఫోన్ చేయండి.

ప్రశ్న (నాగర్‌కర్నూల్): ఎనిమిదేళ్ల పాప తెల్లవారుజామున నాలుగింటికి ఏడుస్తూ లేచి, కుక్క తరిమిందని చెప్పి మమ్మల్ని గట్టిగా పట్టుకుంటుంది. మళ్లీ పడుకోవడానికి భయపడుతుంది.

జవాబు: ఇది పీడకల. రాత్రి చివరి భాగంలో వస్తుంది, పాప పూర్తిగా లేస్తుంది, కల గుర్తుంటుంది. కాబట్టి ఇక్కడ పైన చెప్పినవాటికి పూర్తిగా వేరే పని చేయాలి: దగ్గరికి తీసుకోండి, లైటు వేయండి, చెప్పింది వినండి, “కుక్క లేదు ఏం లేదు, పండుకో” అని కొట్టిపారేయకండి. పగటిపూట ఆ కలకు వేరే ముగింపు బొమ్మగా గీయించండి. కుక్క నిజంగానే ఎప్పుడైనా తరిమిందా, కరిచిందా, గీరిందా అని నెమ్మదిగా అడగండి. కరిచినా గీరినా టీకాకు ఆలస్యం చేయకూడదు.

ప్రశ్న (నకిరేకల్): బతుకమ్మకు అమ్మగారింటికి పోయి తొమ్మిది రోజులు ఉంటాం. మూడేళ్ల పాపకు ఇప్పుడిప్పుడే తగ్గింది. తీసుకుపోవాలా వద్దా?

జవాబు: తప్పకుండా తీసుకుపోండి. కొత్త ఇల్లు, చప్పుడు, ఆలస్యపు నిద్ర మూడూ ఒకేసారి కలుస్తాయి కాబట్టి ఒకటి రెండు రాత్రులు రావచ్చు, ముందే అమ్మగారింట్లో చెప్పి పెట్టండి, లేకపోతే పదిమంది లేచి లైట్లన్నీ వేసి పాపను చేతులు మారుస్తారు. బతుకమ్మ ఆడే రోజుల్లో మధ్యాహ్నం గంటన్నర, రెండు గంటలు పడుకోబెట్టండి. ఇంట్లో వాడే దిండు, దుప్పటి ఉతక్కుండా అలాగే తీసుకెళ్లండి, ఆ వాసనకు నిద్ర తొందరగా పడుతుంది. సద్దుల రోజు ఎలాగూ ఆలస్యమవుతుంది. మర్నాడు పొద్దున ఎవరూ లేపకుండా చూసుకుని, ఆ రాత్రి మామూలు కంటే అరగంట ముందే పడుకోబెట్టండి.